సొమ్ము వత్తికి, సొగసు వెలుపలికి: ఇంట్లో చేసుకునే చలికాలపు కొవ్వొత్తులు

కావలి నుంచి అడిగిన సోదరికి,

కొత్తగా చదివేవారి కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. క్రిస్మస్‌కు, ఆ వెంటనే వచ్చే సంక్రాంతికి ఇంట్లోనే అలంకార కొవ్వొత్తులు చేసి తెలిసినవారికి అమ్మాలనుకున్నారు. రెండు కిలోల మైనం, నాలుగు రబ్బరు అచ్చులు, రంగులు, ఒక సెంటు సీసా కొన్నారు. స్టీలు గ్లాసుల్లో పోసినవి ఊడి రాలేదు. వచ్చినవాటికి నడుమ గుంట పడింది. వెలిగిస్తే పది నిమిషాల్లో మంట మైనంలో మునిగి ఆరిపోతోంది. ఇంకా మంచి అచ్చులు, ఇంకా మంచి సెంటు కొంటే బాగుపడతాయా అని అడిగారు.

బాగుపడవు. దయచేసి ఇంకేమీ కొనకండి. నేను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పద్దెనిమిదేళ్ళుగా కొవ్వొత్తులు పోస్తున్నాను. మొదటి మూడేళ్ళు మీలాగే అచ్చుల మీద, అత్తరుల మీద డబ్బు పోశాను. కొవ్వొత్తిలో డబ్బు పెట్టవలసినవి రెండే: మైనం, వత్తి. మిగిలిన సొగసంతా మన చుట్టుపక్కల దాదాపు ఉచితంగా దొరుకుతుంది. అయితే ఆ సొగసు మంటకు దూరంగా, వెలుపలి వైపే ఉండాలి. నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు నెల్లూరులో రాత్రంతా ఈదురుగాలి, వాన. మా వీధికి కరెంటు లేదు. ఇంట్లో అమ్మకానికి సిద్ధం చేసిన కొవ్వొత్తులు నలభై దాకా ఉన్నాయి. ఎండు పూలు పొదిగినవి, మెరుపు పొడి చల్లినవి, మూడు రంగుల వరసలు వేసినవి. పక్కింట్లో పసిపిల్ల ఉంది, చీకటికి ఏడుస్తోంది. చక్కగా ఉన్నవాటిని ఏరి నాలుగు ఇచ్చాను. అరగంటలో రెండు ఆరిపోయాయి, ఒకదానిలో పూరేకు అంటుకుని మంట చెయ్యెత్తున లేచింది. చివరికి ఆ రాత్రిని గట్టెక్కించినవి నేను వత్తి పరీక్ష కోసం పోసి పక్కన పడేసిన మూడు తెల్లటి, ఏ అలంకారమూ లేని కొవ్వొత్తులు. ఆ మరునాటి నుంచి నా పని తీరు మారింది. మన జిల్లాల్లో చలికాలమంటే మంచు కాదు, వాయుగుండాలు. అందానికని కొన్న కొవ్వొత్తిని కూడా మనవాళ్ళు ఏదో ఒక రాత్రి అవసరానికి వెలిగిస్తారు. అది తెల్లవారే దాకా నమ్మకంగా వెలగాలి.

ఇప్పుడు మైనం సంగతి. మీరు కొన్న పలకలు పారాఫిన్ మైనం. ముడిచమురును శుద్ధి చేసేటప్పుడు వచ్చే సరుకు ఇది. అస్సాంలోని దిగ్బోయ్ దీనికి పాతకాలం నుంచి పేరుపొందింది, మనకు దగ్గరలో చెన్నై మణలి రిఫైనరీలో కూడా తయారవుతుంది. చమురు ధరతో పాటు దీని ధర కూడా మారుతుంటుంది కాబట్టి నేను ఇక్కడ ధర రాయడం లేదు. కొనేటప్పుడు అడగవలసింది ఒక్కటే, అది ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందని. పారాఫిన్‌లో 46 డిగ్రీలకే కరిగే మెత్తటి రకం మొదలుకొని 68 డిగ్రీల దాకా గట్టి రకాలు ఉన్నాయి. విడిగా నిలబడే కొవ్వొత్తికి 58–60 డిగ్రీల రకం కావాలి. మన ఎండలు తెలిసినవే కదా. మేలో రేకుల ఇంట్లో పెట్టిన మెత్తటి మైనపు కొవ్వొత్తి నమస్కారం పెట్టినట్టు వంగిపోతుంది. ఇప్పుడు చాలామంది వీడియోల్లో చూసి సోయా మైనం అడుగుతున్నారు. అది 50 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతుంది, గాజు గ్లాసులో పోసుకోవడానికి బాగుంటుంది, ఖరీదు ఎక్కువ. విడిగా నిలబెట్టే కొవ్వొత్తికి మన ఊళ్ళలో అది పనికిరాదన్నది నా గట్టి అభిప్రాయం.

మీ గ్లాసుల్లో కొవ్వొత్తి ఊడి రాకపోవడానికి కారణం అచ్చు కాదు, స్టియరిక్ ఆసిడ్ వేయకపోవడం. తెల్లటి పలుచటి రేకుల్లా ఉంటుంది, మైనం అమ్మే కొట్లోనే దొరుకుతుంది. తొమ్మిది పాళ్ళ మైనానికి ఒక పాలు. కిలో మిశ్రమం కావాలంటే 900 గ్రాముల మైనం, 100 గ్రాముల స్టియరిక్ ఆసిడ్. దీనివల్ల మైనం గట్టిపడుతుంది, పాలలా తెల్లగా వస్తుంది, చల్లారేటప్పుడు అచ్చు గోడల నుంచి తనంతట తానే విడిపడుతుంది. మన మాటలోనే చూడండి, కొవ్వు, వత్తి కలిస్తే కొవ్వొత్తి. ఒకప్పుడు నిజంగా జంతువుల కొవ్వుతోనే చేసేవారు, అవి పొగచూరేవి, వాసన వేసేవి. ఫ్రాన్సులో షెవ్రూల్ అనే శాస్త్రవేత్త ఆ కొవ్వులోంచి గట్టి భాగాన్ని వేరుచేశాడు. గే-లుసాక్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి 1825లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ గట్టి భాగమే మనం ఇప్పుడు మైనంలో కలుపుకుంటున్న స్టియరిక్ ఆసిడ్. ఒక్క జాగ్రత్త: ఇది రాగితో, ఇత్తడితో పడదు. పాత ఇత్తడి గిన్నెలో కరిగిస్తే మైనానికి పచ్చదనం వస్తుంది. స్టీలు లేదా అల్యూమినియం గిన్నె వాడండి, దాన్ని మళ్ళీ వంటకు తీయకండి.

అచ్చుగా స్టీలు గ్లాసు చక్కగా సరిపోతుంది, మూతి అడుగు కంటే కొంచెం వెడల్పుగా ఉంటే చాలు. మెడ సన్నగా ఉన్న చెంబులో పోస్తే ఏ దేవుడూ బయటికి తీయలేడు. ఎంత మైనం కావాలో తెలియాలంటే గ్లాసు నిండా నీళ్ళు పోసి కొలవండి. మైనం నీటి కంటే తేలిక, కాబట్టి మిల్లీలీటర్లను 0.9తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 250 మిల్లీలీటర్ల గ్లాసుకు 225 గ్రాములు. గ్లాసును తుడిచి బాగా ఆరబెట్టాకే పోయండి. ఒక్క నీటి చుక్క ఉన్నా కొవ్వొత్తి ఒంటి మీద మశూచి మచ్చల్లాంటి గుంటలు పడతాయి. పోశాక కదపకుండా నాలుగైదు గంటలు వదిలేయండి. అప్పటికీ రాకపోతే పావుగంట ఫ్రిజ్‌లో, కింది అరలో పెట్టండి. ఐసు గట్టే అరలో పెడితే పగుళ్ళు వస్తాయి.

నడుమ పడే గుంట తప్పు కాదు, మైనం స్వభావం. కరిగినప్పుడు ఉబ్బి, గడ్డకట్టేటప్పుడు పదో వంతుకు పైగా కుంచించుకుపోతుంది. వెలుపల ముందు గట్టిపడుతుంది కాబట్టి లోటంతా నడుమకు చేరుతుంది. అందుకే కొంత మైనం మిగిల్చి ఉంచుకోవాలి. పైన పెరుగు మీగడలా పొర కట్టాక వత్తి పక్కన చీపురు పుల్లతో రెండు మూడు చోట్ల లోతుగా పొడిచి, మిగిల్చిన మైనాన్ని మళ్ళీ కాచి ఆ గుంటలో నింపండి. మొదట పోసిన గీత దాటకుండా చూసుకోండి, దాటితే అది గోడకూ కొవ్వొత్తికీ మధ్య జారి మళ్ళీ అంటుకుపోతుంది. పెద్ద కొవ్వొత్తికి రెండోసారి కూడా నింపవలసి రావచ్చు.

కరిగించే పద్ధతి దగ్గర మాత్రం నేను కాస్త కఠినంగా మాట్లాడతాను. మైనం గిన్నెను నేరుగా గ్యాసు పొయ్యి మీద పెట్టకండి. పెద్ద గిన్నెలో నీళ్ళు, అడుగున ఒక చిన్న కుదురు, దాని మీద మైనం గిన్నె. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనమూ దాటదు. నేరుగా పెడితే మైనం మరగదు, బుడగ రాదు, ఏ హెచ్చరికా ఇవ్వదు. 200 డిగ్రీలకు చేరువైతే దాని ఆవిరి భగ్గున అంటుకుంటుంది. నా రెండో ఏడాది తొందరపడి అలాగే పెట్టాను. ఫోను మోగితే ముందు గదిలోకి వెళ్ళాను, తిరిగి వచ్చేసరికి గిన్నె మీద మంట. అదృష్టం, చేతికి అందిన పళ్ళెం మూతపెట్టి గ్యాసు ఆపేశాను. నీళ్ళు చల్లి ఉంటే మండే మైనం వంటగదంతా చిమ్మేది. అందుచేత సరిపడే మూత పక్కన పెట్టుకోకుండా నేను ఇప్పటికీ పొయ్యి వెలిగించను. చేతి మీద వేడి మైనం పడితే ఊడబెరకకండి. ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచండి, తరువాత డాక్టరుకు చూపించండి. మైనం కలపడానికి నేను ఉదయగిరి చెక్క గరిటె వాడతాను, పిడి వేడెక్కదు. అది తడిగా ఉండకూడదు.

ఇక వత్తి. మీ మంట మునిగిపోవడానికి కారణం ఇదే. మీరు మూడంగుళాల అడ్డం ఉన్న గ్లాసుకు సన్నటి బజారు కొవ్వొత్తికి వాడే వత్తి వేశారు. ఆ చిన్న మంట తన చుట్టూ అంగుళం మేర కరిగించగలదు. అక్కడొక బావి పడుతుంది, ఆ బావిలో కరిగిన మైనం చేరుతుంది, మంట అందులో మునుగుతుంది. ఎంత ఖరీదైన అచ్చు ఈ లెక్కను మార్చగలదు?

దీపారాధనకు చేసుకునే పత్తి వత్తి వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. ప్రమిదలో నూనె ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది, మెత్తటి వత్తి దాన్ని తీరికగా పీల్చుకుంటుంది, చివర నల్లబడితే మనం పుల్లతో ఎగదోస్తాం. కొవ్వొత్తిలో అలా కుదరదు. మంట ముందు మైనాన్ని కరిగించాలి, వత్తి దాన్ని పైకి లాగాలి, పైగా వత్తి తనను తానే కాల్చుకుంటూ తగ్గాలి. పురివేసిన దారం నిటారుగా నిలబడి మంట నడుమ మసిగడ్డలా మిగిలిపోతుంది. అల్లిన వత్తి కాలేకొద్దీ పక్కకు వంగుతుంది, దాని కొస మంట అంచుకు చేరి గాలి తగిలి బూడిదవుతుంది. 1820లలో ఫ్రాన్సులో కాంబాసెరే అనే ఆయన ఈ అల్లికను కనిపెట్టే వరకు కొవ్వొత్తి దగ్గర కత్తెర పట్టుకుని కూర్చోవలసి వచ్చేది. జడలా మూడు పాయలు అల్లడం మన ఆడపిల్లలందరికీ వచ్చిన విద్యే.

దారం తెల్లటి నూలుది కావాలి. చివర వెలిగించి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు, పూసలా ముద్దకడితే పాలియెస్టర్. పాలియెస్టర్ కరిగిపోతుందే తప్ప మైనాన్ని పీల్చదు. అల్లిన వత్తిని ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా ఉప్పు, రెండు చెంచాల వెలిగారం (బోరాక్స్) కరిగించి రాత్రంతా నానబెడతారు. వెలిగారం వల్ల వత్తి నిదానంగా, శుభ్రంగా కాలుతుంది. పద్ధతి మంచిదే, కానీ నవంబరు, డిసెంబరుల్లో మన తీరాన గాలిలోనే నీళ్ళుంటాయి. ఉప్పు పట్టిన వత్తి ఆ తేమను పీల్చుకుని చిటపటలాడుతుంది. నేనైతే ఈ రెండు నెలలూ ఉప్పు మానేసి వెలిగారం మాత్రమే వాడతాను, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెడతాను, ఆరిన వెంటనే కరిగిన మైనంలో ముంచి నిటారుగా వేలాడదీస్తాను. మైనం పట్టిన వత్తికి ఆపై తేమ భయం లేదు. వెలిగారం పిల్లలకు అందకుండా పెట్టండి.

ఎంత లావు అల్లాలి? దీనికి పుస్తకం లెక్క కంటే పరీక్షే మేలు. ఒకే గ్లాసు, ఒకే మైనం, మూడు కొవ్వొత్తులు. మొదటిదాని వత్తిలో పాయకు నాలుగు పోగులు, రెండోదానిలో ఆరు, మూడోదానిలో ఎనిమిది. ఒక రోజు గడిచాక గాలి లేని గదిలో మూడూ ఒకేసారి వెలిగించి దగ్గర కూర్చోండి. కొవ్వొత్తి అడ్డం ఎన్ని అంగుళాలుంటే దాదాపు అన్ని గంటల్లో కరిగిన మైనపు మడుగు అంచుకు చేరువ కావాలి. అప్పటికీ నడుమనే ఉండి మంట చిన్నబోతే వత్తి సన్నం. మంట ఎత్తుగా ఊగుతూ మసి కక్కితే, వత్తి కొసకు పుట్టగొడుగులా నల్లటి ముద్ద వస్తే వత్తి లావు. మైనం రకం మారినా, గ్లాసు మారినా ఈ పరీక్ష మళ్ళీ చేయాలి. నా దగ్గర ఈ పరీక్షల చిట్టా పుస్తకం మూడోది నడుస్తోంది. నా ఇంట్లో ఉన్న అచ్చులన్నీ పోయినా బాధపడను కానీ ఆ పుస్తకాలు పోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వెలిగించే ప్రతిసారీ వత్తిని పావు అంగుళానికి కత్తిరించుకోవాలని మీ దగ్గర కొన్నవారికి కూడా చెప్పండి.

వత్తి కుదిరింది కదా, ఇప్పుడు సంతోషంగా సొగసు గురించి మాట్లాడుకుందాం.

క్రిస్మస్ కొవ్వొత్తికి అందరూ అడిగేది మంచు. దానికి పైసా ఖర్చు లేదు, అదే మైనం చాలు. సాదా తెల్ల కొవ్వొత్తి తయారయ్యాక మరో 100 గ్రాములు కరిగించి పక్కన పెట్టండి. అంచుల్లో పొర కట్టడం మొదలుకాగానే ఫోర్కుతో గానీ, చిన్న కవ్వంతో గానీ చిలకండి. వెన్న తీసేటప్పుడు చేసినట్టే. రెండు మూడు నిమిషాల్లో అది నురుగెక్కి తెల్లటి ముద్దవుతుంది. వెంటనే చెంచాతో తీసి కొవ్వొత్తి చుట్టూ కింది నుంచి సగం ఎత్తు వరకు అద్దండి, ఫోర్కు కొసలతో గరుకుగా లాగండి. నిమిషంలో గట్టిపడిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా చిలుక్కోండి. గట్టిపడితే నష్టం లేదు, మళ్ళీ కరిగించవచ్చు. మంచు మెరవాలని కొందరు కల్లుప్పు అద్దమంటారు. ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గర వానాకాలం బస్తాలు ఎలా చెమర్చుతాయో చూసినవారు ఆ పని చేయరు. మన గాలికి వారంలో కొవ్వొత్తి నీరు కారుతుంది.

రెండోది ఐసు కొవ్వొత్తి. పిల్లలు దీన్ని చూసి కళ్ళు పెద్దవి చేస్తారు. పండ్లరసం వచ్చే అట్టపెట్టె పై భాగం కోసి కడిగి ఆరబెట్టండి. నడుమ ఒక మామూలు బజారు కొవ్వొత్తి నిలబెట్టండి, అడుగున కొంచెం మైనం పోస్తే కదలదు. దాని చుట్టూ గోలీకాయల కంటే కొంచెం పెద్ద ఐసు ముక్కలు పేర్చి, 80 డిగ్రీల దగ్గర ఉన్న మైనాన్ని ఒక్క ఊపున పోయండి. మైనం ఐసు చుట్టూ గడ్డకడుతుంది, ఐసు కరిగి నీరవుతుంది. గంట తరువాత పెట్టె చింపి నీళ్ళు వంపేస్తే ఒళ్ళంతా తేనెపట్టులా కిటికీలున్న కొవ్వొత్తి చేతికి వస్తుంది. లోపలి కొవ్వొత్తికి దాని వత్తి ముందే కుదిరి ఉంది కాబట్టి మీకు పరీక్ష బాధ కూడా లేదు. రెండు మూడు రోజులు పూర్తిగా ఆరాకే వెలిగించాలి. కిటికీల గుండా కరిగిన మైనం కారుతుంది, పళ్ళెంలో పెట్టి వెలిగించమని చెప్పండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇసుక కొవ్వొత్తి. దీనికి అచ్చే అక్కర్లేదు, పెన్న ఇసుక ఉంది. సన్నగా జల్లించి, పిడికిట పట్టి వదిలితే ముద్ద నిలిచేంత మాత్రమే తడపండి. టబ్బులో గట్టిగా కూరి, గుండ్రటి గిన్నెతో నొక్కి గుంట చేయండి. అడుగున మూడుచోట్ల వేలితో పొడిస్తే మూడు కాళ్ళు వస్తాయి. మైనపు పూత పట్టిన వత్తిని చీపురు పుల్లకు కట్టి గుంట మీద అడ్డంగా ఉంచి, చెంచా వెనుక మీదుగా మెల్లగా మైనం పోయండి. ఇక్కడ వేడి మీ చేతిలోని ఉలి లాంటిది. 90 డిగ్రీలు దాటిన మైనం ఇసుకలోకి లోతుగా ఇంకి మందపాటి పెంకు కడుతుంది, చల్లటిదైతే పలుచటి పొరే వస్తుంది. మరునాడు తవ్వి తీసి బ్రష్షుతో దులిపితే పురాతన పాత్రలా ఉంటుంది. సముద్రపు ఇసుకే కావాలంటే మైపాడు నుంచి తెచ్చుకున్నా మంచినీటితో మూడుసార్లు కడగండి, ఉప్పు పోవాలి.

ఒడ్డున దొరికే పెద్ద ఆల్చిప్పల్లో కూడా మైనం పోయవచ్చు. ఖాళీవే ఏరండి, ప్రాణమున్నవి ముట్టుకోకండి. ఉడికించి, కడిగి, ఎండబెట్టాక 12–14 గ్రాముల మైనం పడితే సుమారు నాలుగు గంటలు వెలుగుతుంది.

పొదలకూరు వైపు నిమ్మకాయలు చవకగా దొరికినప్పుడు పావు అంగుళం కంటే సన్నగా చక్రాలు కోసి ఎండబెట్టి పెట్టుకోండి. గాజుపలకల్లా వెలుతురును పట్టుకుంటాయి. వానల్లో ఎండను నమ్మకండి. చెమ్మ మిగిలిన చక్రం కొవ్వొత్తి మీద బూజు పడుతుంది. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు, లేకపోతే ఎండలు కాసే నెలల్లోనే చేసి డబ్బాలో దాచుకోవాలి. అంటించడానికి స్టీలు చెంచాను వేడిచేసి కొవ్వొత్తి మీద ఆ చోట ఆనిస్తే మైనం చెమర్చుతుంది, చక్రాన్ని అక్కడ అదిమి పైన బ్రష్షుతో పలుచగా మైనం పూయండి. అనాస పువ్వుకు, ఎండు పూలకు కూడా ఇదే పద్ధతి. వీటన్నిటికీ ఒకటే హద్దు: కొవ్వొత్తి కనీసం మూడంగుళాల అడ్డం ఉండాలి, అలంకారం కింది సగంలోనే ఉండాలి, కరిగిన మడుగులో ఒక్క రేకు కూడా పడకూడదు. పడితే అది రెండో వత్తి అవుతుంది. పైన పూలు చల్లిన కొవ్వొత్తుల చిత్రాలు చూసి కొనేవారు మిమ్మల్నీ అలాంటివి అడుగుతారు. మర్యాదగా కాదనండి. నేను దాల్చిన చెక్కల్ని అంటించను, అరటి నారతో కట్టి ఇస్తాను, వెలిగించే ముందు విప్పేయమని చీటీ రాసి పెడతాను.

కింద పెట్టే పీట గురించి ఎవరూ ఆలోచించరు కానీ కొవ్వొత్తి విలువను సగం అదే పెంచుతుంది. చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైట్ కోతల్లో చిన్న ముక్కలు వృథాగా పడి ఉంటాయి. ఆ నలుపులో బంగారు చుక్కల మీద తెల్లటి మంచు కొవ్వొత్తి పెట్టి చూడండి. అంచులు అరగదీయించి, అడుగున నాలుగు గుడ్డ ముక్కలు అంటిస్తే బల్ల గీసుకోదు. మార్కాపురం పలకరాయి ఇంకా తేలిక. రెండూ మంటకు బెదరవు. చెక్క పీట, ప్లాస్టిక్ పళ్ళెం, కొబ్బరిచిప్ప మాత్రం నేను వాడను. కొబ్బరిచిప్ప ఎంత ముద్దొచ్చినా అది వంటచెరకే.

నెల్లూరు జిల్లా అభ్రకానికి పేరుపొందినది కదా, పలుచటి అభ్రకం రేకులు దొరికితే నాలుగు పుల్లల చట్రానికి బిగించి కొవ్వొత్తి చుట్టూ తెరలా నిలబెట్టండి. మంటకు కాలదు, గాలిని ఆపుతుంది. చట్రం మంటకు నాలుగంగుళాల ఎడంగా ఉండాలి. అభ్రకం పొడిని మైనంలో కలపమని ఎవరైనా చెబితే వినకండి. కరగని ఏ పొడైనా వత్తి దారులను మూసేస్తుంది. వెలుపల బ్రష్షుతో అద్దుకోవచ్చు.

రంగుకూ ఇదే సూత్రం. పసుపు, కుంకుమ మైనంలో కరగవు, పిల్లల క్రేయాన్లు కరిగినా వాటిలోని రంగు పొడి కరగదు, ఇవన్నీ వత్తికి అడ్డుపడతాయి. వంటల్లో వేసే రంగులు నీటివి, అవి మైనంతో కలవనే కలవవు. నూనెలో కరిగే కొవ్వొత్తి రంగు చిటికెడు కొంటే కిలోలకు వస్తుంది. మీ దగ్గరున్నది క్రేయాను రకమైతే కొవ్వొత్తి లోపల తెల్లగా ఉంచి, రంగు మైనంలో ఒక్కసారి ముంచి తీయండి. పైన పలుచటి రంగు పొర పడుతుంది, వత్తి చుట్టూ శుభ్రమైన మైనమే ఉంటుంది. రంగు కూడా పదో వంతే ఖర్చవుతుంది.

సెంటు సీసా ఒంటి మీద చల్లుకునే రకం అయితే పక్కన పెట్టేయండి. అందులో స్పిరిటు ఉంటుంది, వేడి మైనంలో పోయడం ప్రమాదం. కర్పూరం కూడా వద్దే వద్దు, దాని ఆవిరి చాలా తొందరగా అంటుకుంటుంది. నిమ్మగడ్డి నూనె 100 గ్రాముల మైనానికి మూడు గ్రాములు చాలు, పొయ్యి మీద నుంచి దించాక కలపండి. అసలు వాసన లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

మీరు పాడయ్యాయని చెప్పిన పన్నెండు కొవ్వొత్తులూ పారేయకండి. రంగుల వారీగా విడదీసి కరిగించండి, అన్నీ కలిపితే బురద రంగు వస్తుంది. వత్తులు తీసేసి పాత నూలు పంచె గుడ్డలో వడకట్టి, తూచి, తొమ్మిదో వంతు స్టియరిక్ ఆసిడ్ కలిపితే మొదటి పరీక్షకు కావలసిన సరుకు మీ చేతిలోనే ఉన్నట్టు. గిన్నె కడిగిన వేడి నీళ్ళు తూములో పోయకండి, మైనం లోపల గడ్డకట్టి నీళ్ళు పోక నిలిచిపోతాయి. కాగితంతో తుడిచి పారేయండి.

పిల్లలు సాయం చేస్తామంటున్నారని రాశారు. వత్తులు అల్లడం, నిమ్మ చక్రాలు పేర్చడం, ఇసుక కూరడం వాళ్ళకు ఇవ్వండి. కరిగించడం, పోయడం పెద్దల పని. పొయ్యి వెలుగుతున్నంతసేపు వాళ్ళు గడప అవతల ఉండాలి.

అమ్మేటప్పుడు ప్రతి కొవ్వొత్తికీ ఎన్ని గంటలు వెలుగుతుందో రాయండి. ఊహించి కాదు, ఒకటి పూర్తిగా వెలిగించి గడియారం చూసి రాయండి. దోమతెరకు, కిటికీ పరదాకు దూరంగా పెట్టమని, నిద్రపోయే ముందు ఆర్పమని కూడా. పోసిన రోజే కాగితంలో చుట్టకండి, ఒక రోజు ఆరనిచ్చి, పలుచటి కాగితంలో ఒక్కొక్కటిగా చుట్టి, పడుకోబెట్టి కాకుండా నిలబెట్టి సర్దండి. మిగిలిపోయినవి ఏప్రిల్ లోపల అటక మీద నుంచి దించి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో నేల మీద పెట్టుకోండి. మూడు వత్తుల పరీక్ష అయ్యాక ఏ వత్తికి మడుగు ఎంత వెడల్పు వచ్చిందో, ఎంతసేపటికి వచ్చిందో రాయండి, మీ గ్లాసుకు ఎన్ని పోగులు కావాలో ఇద్దరం కలిసి తేల్చుకుందాం.